నాయనకు వినబడిన సగం మాట

జులై 9

మెయిల్ వచ్చింది. పెనుకొండ బస్సులో, సోమందేపల్లి దాటగానే. సీటు లేదు, కమ్మీ పట్టుకొని నిలబడే చదివాను. మళ్ళీ చదివాను. గౌహతి యూనివర్సిటీ వాళ్ళు. గణిత విభాగంలో పోస్ట్‌డాక్, రెండేళ్ళు. వస్తానో రానో ఆగస్టు 8 లోపల రాయాలి.

పక్కన పూలబుట్ట పెట్టుకొన్న ఆమె తలెత్తి చూసి, "ఏమ్మా, ఏడుస్తాండావా?" అంది. లేదన్నాను. ఏడుస్తూనే అన్నాను.

వెంటనే నాయనకు ఫోన్. ఆయన హిందూపురంలో పరుపుల అంగడి తెరిచి దూది ఏకే మిషన్ వేసుకొని ఉన్నాడు. ఆ మోతలో ఎవరి మాటా ఆయనకు పూర్తిగా వినబడదు, అయినా మిషన్ ఆపడు. ఆపితే దూది చుట్టుకుంటుందట.

"నాయనా, పోస్ట్‌డాక్ వచ్చింది!"

"ఏమొచ్చినాది?"

"పోస్ట్... డాక్..."

"పోస్టా!"

మిషన్ ఆగింది. నా ఫోన్ కోసం ఆ మిషన్ ఆగడం నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత మాట నాతో కాదు — పక్కంగడి వైపు గట్టిగా: "శెట్టీ! ఓ శెట్టీ! మా పాపకు పోస్టొచ్చినాది!"

కాదు నాయనా, అన్నాను. ఫోన్ అప్పటికే కట్.

పెనుకొండ వచ్చింది. దిగాను. ఫస్టియర్ పిల్లలకు అవకలన సమీకరణాలు చెప్పాలి. ఏం చెప్పానో గుర్తులేదు.

జులై 9, సాయంత్రం

ఇంట్లో బాదుషా పెట్టె. సగం అయిపోయింది కూడా. అమ్మ వచ్చిన వాళ్ళందరికీ పంచింది. నాకు నోట్లో పెట్టి "ఇంగ నాకు బెంగ లేదు" అంది. 

మా వైపు పోస్టు అంటే ఒకటే అర్థం. ఒకసారి ఎక్కితే రిటైర్ అయ్యేదాకా దిగే పని లేదు. పోస్ట్‌డాక్‌లో పోస్ట్ అంటే "తర్వాత". డాక్టరేట్ తర్వాత అని. ఆ తర్వాత ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి పేరు కూడా అక్కడే ఆపేశారు. దీన్ని బాదుషా తింటున్న మనిషికి ఎలా చెప్పాలి?

రేపు చెప్తాను.

జులై 10

నాయన అన్నం ముందు కూర్చొని అడిగాడు.

"యూనివర్సిటీ అంటే గవర్నమెంటుదే గదా?"

"గవర్నమెంటుదే."

"కాలేజీ వాళ్ళు ఇచ్చే దానికంటే జీతం మేలేనా?"

"మేలే."

"పెన్షన్ ఉండాదా?"

"ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు ఎవరికీ ఆ పాత పెన్షన్ లేదు నాయనా."

"అదీ నిజమేలే" అని అన్నం కలుపుకున్నాడు.

నేను చెప్పిన ప్రతి మాటా నిజం. మొత్తం కలిపితే అబద్ధం. నా స్టూడెంట్ ఎవరైనా ఇలాంటి నిరూపణ రాస్తే ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టి సున్నా వేస్తాను. ఎన్నేళ్ళు అని మాత్రం ఆయన అడగలేదు. పోస్టుకు ఎన్నేళ్ళని ఎవరైనా అడుగుతారా?

జులై 11

చెప్పలేదు.

జులై 13, ఆదివారం

ఇప్పుడు నిజంగా ఇరుక్కున్నాను.

నాయన పొద్దున్నే టోపీ పెట్టుకొని పెనుకొండ పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పాడు — వచ్చే వారం కాక పై వారం, గురువారం, బాబయ్య దర్గాలో కందూరు. పొట్టేలును కూడా మాట్లాడి వచ్చాడు. నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడాది మొక్కుకున్నాడట. పాపకు పోస్టు వస్తే దర్గా దగ్గర పొట్టేలును కోసి, వండి, అయినవాళ్ళకూ కానివాళ్ళకూ అన్నం పెడతానని.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలే?" అన్నాను.

"మొక్కు ముందే చెప్పుకుంటారామ్మే? తీరినాక చెప్తారు."

అంటే నేను పీహెచ్‌డీ చేసినన్ని రోజులూ, ఆ తర్వాత పెనుకొండ కాలేజీలో గెస్ట్‌గా పాఠాలు చెప్పినన్ని రోజులూ, ఈ మనిషి లోపల ఒక పొట్టేలును మేపుతూ ఉన్నాడు. నేను ఇంటికి వచ్చిన ప్రతిసారీ "ఏమన్నా తెలిసిందామ్మా?" అని అడిగేది దీని కోసమా...

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అవ్వ మంచం మీద నుంచి "పొట్టేలు ముదురుది కాకుండా చూడు దస్తగిరీ, నాకు పండ్లు లేవు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గులేని దాన్ని.

జులై 15

గౌహతిలో నేను ఎవరి దగ్గర పని చెయ్యాలో ఆ మేడమ్ వీడియోకాల్. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేని పీరియడ్ చూసుకొని మాట్లాడాను. ఆమె నా పేపర్ ముందు పెట్టుకొని ఉంది. మార్జిన్‌లో పెన్సిల్ గీతలు.

నా సమస్య నాకు నేనే మళ్ళీ రాసుకోవాలి, ఈ గోలలో అదే మర్చిపోయేలా ఉన్నాను. ఒక రకం సమీకరణాలు ఉన్నాయి. వాటికి పూర్ణ సంఖ్యల్లో జవాబు ఉందా లేదా? వెతికి వెతికి దొరక్కపోతే, లేదని తేలినట్టు కాదు. వెతక్కుండానే చెప్పగలిగే పరీక్ష కావాలి. సగం సమీకరణాలకు అలాంటి పరీక్ష నా థీసిస్‌లో ఉంది. మిగతా సగానికి లేదు. పీహెచ్‌డీ అయ్యాక దాన్ని ముట్టుకోనేలేదు. ఎక్కడ ముట్టుకోను? రోజుకు నాలుగు క్లాసులు, రెండు బస్సులు.

మేడమ్ అంది, ఆ మిగిలిన సగంలోనే అసలు సంగతి ఉంది, ఇక్కడికి వచ్చి పూర్తి చెయ్యి, పాఠాలు చెప్పే పని పెట్టను అని.

పాఠాలు చెప్పే పని ఉండదు. ఆ మాట విన్నాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. బెల్ కొడితే ప్యూన్ వచ్చి పిలిచాడు.

ఇది పోతే మళ్ళీ రాదు. పీహెచ్‌డీ పాతబడ్డ వాళ్ళను ఇలాంటి వాటికి తీసుకోరు. నాది ఇప్పటికే పాతబడింది. మేడమ్ కూడా ఆ మాటే అంది, కొంచెం మర్యాదగా.

జులై 18

చెప్దామనే అంగడికి పోయాను. నాయన కాలు మడిచి కూర్చొని పరుపుకు కుట్లు వేస్తున్నాడు. పెద్ద సూది, మూతి బిగించి. బాగుంది, మిషన్ ఆగి ఉంది, మనిషి ఒక్కడే ఉన్నాడు.

"నాయనా, ఒక మాట."

"చెప్పమ్మా."

"ఆ గౌహతిది..."

శెట్టి దిగాడు. పక్క కిరాణా అంగడి నారాయణ శెట్టి. నా చిన్నప్పుడు నా చేతిలో అప్పచ్చి పెట్టి నాతో ఎక్కాలు చెప్పించుకున్న మనిషి. "ఏమమ్మా ప్రొఫెసరమ్మా! యాడో అస్సాం అంట గదా పోస్టింగు? ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చులే, రెండు మూడేండ్లు ఆడ చేసి మల్ల మన పక్కకు వేయించుకో. మా బామ్మర్ది బ్యాంకులో అట్లనే చేసినాడు."

నాయన సూది ఆపి నా మొహం చూశాడు, ట్రాన్స్‌ఫర్ ఉంటుందా అన్నట్టు.

"చూద్దాం శెట్టి మామా" అన్నాను.

చూద్దాం! దాని బదులు నోట్లో దూది కుక్కుకోవాల్సింది.

జులై 21

ఇది కూడా ఇప్పుడే జరగాలా?

ప్రిన్సిపాల్ పిలిచాడు. తలుపు వేయమన్నాడు. కాలేజీలో మ్యాథ్స్‌కు ఒక పోస్టు రెగ్యులర్ చేస్తున్నారట. "మేనేజ్‌మెంట్‌లో మీ పేరే అనుకుంటున్నారు మేడమ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి, మధ్యలో వదిలిపోనని రాసిస్తే చాలు. ఆగస్టు మొదటి వారంలో తేల్చేస్తాం."

పోస్టు. నిజం పోస్టు. మిషన్ ఆపి వినాల్సిన పోస్టు.

ఆలోచించి చెప్తానన్నాను. ఆయన విచిత్రంగా చూశాడు. ఇందులో ఆలోచించేది ఏముందని. ఇంట్లో ఈ మాట ఎత్తలేదు. ఎత్తితే అయిపోతుంది, నేను పెనుకొండలోనే ఉండిపోతాను.

జులై 23

పొట్టేలు వచ్చింది. వాకిట్లో కట్టేశారు. అవ్వ దానికి పచ్చిగడ్డి వేస్తూ నోరు పట్టుకొని పళ్ళు చూసింది. లేతదేనట. తృప్తిగా ఉంది.

జులై 24, గురువారం

కందూరు.

దర్గా బయట రాళ్ళ పొయ్యిలు. దర్గా ముజావర్ పాతిహా ప్రార్థన చదివేటప్పుడు నాయన కళ్ళు మూసుకొని రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఎప్పుడూ దూది అంటుకొని ఉండే చేతులు, ఈరోజు నున్నగా కడుక్కొని వచ్చాడు. నేను ఆయన మొహం చూడలేక పొయ్యిల వైపు పోయాను.

శెట్టికి మాంసం పడదు, ఆయనకు దూరంగా పప్పూ అన్నం. మిగతా వాళ్ళంతా బంతుల్లో. ధర్మవరం నుంచి అక్కా, ఖాసీం బావా రైల్లో వచ్చారు. చివరి బంతిలో మేం ఇంటివాళ్ళం మాత్రమే కూర్చున్నాం. బావ ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. ఆయనలో కల్మషం లేదు, చేతిలో ఫోన్ ఉంటే ప్రపంచమంతా వెతుకుతాడు. మరదలి ఉద్యోగం గొప్ప ఏంటో చదివి వినిపిద్దామనుకున్నాడు, పాపం.

"పోస్ట్‌డాక్ అని కొడితే వచ్చినాది మామా, వినండి. పీహెచ్‌డీ చేసినోళ్ళు చేసే... తాత్కాలిక..." ఆగాడు.

"తాత్కాలిక అంటే?" అన్నాడు నాయన.

"టెంపరవరీ మామా."

నాయన ముద్ద చేతిలోనే ఉంది. నా వైపు చూశాడు. "అది తప్పు రాసినాడేమో చూడప్పా" అన్నాడు బావతో, చూపు నా మీద నుంచి తీయకుండానే.

"రెండేళ్ళు నాయనా" అన్నాను.

"ఆ మల్ల?"

"అయిపోతుంది."

ముద్ద విస్తట్లో పెట్టేశాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. అవతల శెట్టి తిని త్రేన్చి, "బాగ చేస్తివప్పా దస్తగిరీ, పాప చల్లగుండల్ల" అని నాయన భుజం తట్టాడు. నాయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

జులై 25

మాట లేదు. నాతో కాదు, ఎవరితోనూ లేదు. అంగడికి పోయాడు, వచ్చాడు, పడుకున్నాడు. అమ్మ నన్ను తిట్టాలని చూస్తుంది, మళ్ళీ ఏమీ అనదు. అంతకంటే తిడితేనే నయం.

జులై 26

అవ్వ ఒక్కతే మామూలుగా ఉంది. దంచిన ఆకూవక్కా చప్పరిస్తూ అంది: "బాబయ్యకు టెంపరవరీ, పర్మనెంటు తేడా యాడ తెలుస్తాదమ్మే. పొట్టేలు మాత్రం బాగుండె."

జులై 27, ఆదివారం

ధర్మవరం పోయొచ్చాను. అక్కను ఓదార్పు అడుగుదామని పోయాను, నాకు బుద్ధి లేదు.

అక్క మగ్గం గుంటలో నుంచి లేవలేదు. చీర కొంగు దగ్గర ఉంది, ఆపకూడదట. నేను గడప మీద కూర్చున్నాను. మగ్గం చప్పుడు మధ్యలో మాట.

"నాయన నాతో గూడ మాట్లాడలే. ఫోన్ చేస్తే అమ్మకిచ్చినాడు."

"నేను చెప్పాలనుకున్నా అక్కా. పోస్ట్‌డాక్ అనే చెప్పినా. ఆయనకు సగమే వినబడింది."

"తక్కిన సగం చెప్పేకి నీకు నోరు లేదా? క్లాసులో గంటలు గంటలు చెప్తావంట గదా."

నేను గడప మీద పడ్డ దారం ముక్కలు ఏరాను.

"నేను పదో క్లాసు చదివి ఈ గుంటలో కూర్చుంటి. నువ్వు డిగ్రీ అంటివి, సరే అంటిమి. ఎమ్మెస్సీ అంటివి, సరే. పీహెచ్‌డీ, సరే. ఇప్పుడు దాని తర్వాత ఇంగోటి. నీ చదువు యాడ అయిపోతాదో చెప్పమ్మే. ఆ రోజు కందూరు నేను చేస్తా."

కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇది చదువు కాదు, పని, అన్నాను. "పనైతే రెండేండ్లకే ఎట్ల అయిపోతాది?" అంది అక్క.  కాసేపటికి తానే లేచి వచ్చి అన్నం పెట్టింది. రెండోసారి వడ్డిస్తూ వద్దన్నా వినలేదు.

రైల్లో కిటికీ పక్కన కూర్చొని ఎవరి మీదో తెలియని కోపంతో హిందూపురం దాకా వచ్చాను.

జులై 29

నాయన మొహం చూడలేక చెప్పేశాను. కాలేజీలో రెగ్యులర్ పోస్టు ఉందని, నా పేరే అనుకుంటున్నారని. ఆ మూగతనం పోతే చాలు అనుకొని చెప్పాను.

దీపం వెలిగినట్టయింది మనిషి మొహం. "అయితే అబద్ధం కాలే! పోస్టు ఈడనే ఉండాది! అది గౌహతి అనుకుంటిమి, కాదు, పెనుకొండ! బాబయ్య ఉండేది యాడ? పెనుకొండలోనే గదా!"

అమ్మ గబగబా టీ పెట్టింది. అవ్వ ఇంకో ఆకు వేసుకుంది. ఇంట్లో మళ్ళీ మాటలు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నేను తప్ప.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అదీ చేతికి దొరికిన మంచి పారతో.

జులై 30

నాయన నా సర్టిఫికెట్లన్నీ తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నా బ్యాగ్ పక్కన ఉంచాడు. "ఈ పొద్దు ఇచ్చేయమ్మా." ఇవ్వలేదు. ప్రిన్సిపాల్ మీటింగ్‌లో ఉన్నాడన్నాను. మళ్ళీ అబద్ధం. ఈసారి సగం కూడా నిజం లేదు.

ఆగస్టు 1

పెనుకొండ స్టేషన్‌లో కూర్చున్నాను, బస్సు వద్దనిపించి. రైలు లేటు. పాత పేపర్ తీశాను, చాలా కాలానికి. మిగతా సగం సమీకరణాలు. వాటిని రెండు గుంపులుగా విడదీయాలని ఇన్నాళ్ళూ మొండిగా అనుకుంటున్నాను. విడదీయక్కర్లేదు! ఒకదాన్ని తిరగేసి రాస్తే రెండోదే వస్తుంది. రాశాను. వచ్చింది. మళ్ళీ రాశాను. చిన్న సంఖ్యలు పెట్టి చూశాను. వచ్చింది.

అబ్బ...!

ఇది మొత్తం సమస్య కాదు, చిన్న మెట్టు. మేడమ్ చూస్తే "ఓ, అవును" అని ముందుకు పోతుంది. అయినా మళ్ళీ మొదటి నుంచి రాశాను. రైలు వచ్చి పోయింది, నేను ఎక్కలేదు. పల్లీలు అమ్ముకునే ఆయన "మేడమ్, మీ బండి పాయె" అన్నాడు. పోనీలే అన్నాను. నాకు నవ్వొస్తోంది. ఆయన కూడా నవ్వాడు, పిచ్చిదనుకొని ఉంటాడు.

నాకు పోవాలని ఉంది. నాయన గురించి, పొట్టేలు గురించి, ట్రాన్స్‌ఫర్ గురించి ఇన్ని పేజీలు రాశాను గానీ ఈ ఒక్క మాట ఇంతవరకూ రాయలేదు. నాకు గౌహతి పోవాలని ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

చెప్పాను. మొత్తం, రెండు ముక్కలూ.

"నాయనా, నేను గౌహతికే పోతా. కాలేజీ పోస్టు వద్దంటా."

"ఈడ పోస్టు పెట్టుకొని?"

"ఆ."

"రెండేండ్ల దానికి?"

"ఆ."

"ఆ మల్ల ఏంది?"

"తెలీదు నాయనా."

"తెలీదని ఎవరన్నా పోతారామ్మా? బస్సు ఎక్కేటోడు గూడ ఇది యాడికి పోతాదని అడిగి ఎక్కుతాడు."

"నేను ఆ రోజు ఫోన్‌లో సరిగ్గానే చెప్పినా. నువ్వు నీకు కావల్సిన ముక్క విని మిషన్ ఆపితివి."

అనకుండా ఉండాల్సింది.  నాయన మెల్లగా, "నువ్వు ఆ పొద్దు సాయంత్రం ఇంటికొచ్చి తక్కిన ముక్క చెప్పింటే ఆ పొట్టేలు బతికుండు" అన్నాడు. "నేను దాన్ని యా పేరు చెప్పి కోస్తి? అంతమందికి ఏమని పెడ్తి? అన్నం తిన్న ప్రతోడూ పాపకు పోస్టని దీవించి పోయినాడు. ఇప్పుడు ఆ దీవెన యాడికి పోవల్ల?"

అమ్మ మధ్యలోకి వచ్చింది. చాలు, ఇంక అన్నం తినండి అని. ఎవరూ తినలేదు.

ఆయన మీద కోపం లేదు. నా మీదే. కానీ కోపం ఎవరి మీదైనా, పోవాలని ఉండటం మాత్రం తగ్గలేదు. ఇదేం మనసో.

ఆగస్టు 4

ప్రిన్సిపాల్‌కు ఇంకా ఏదీ చెప్పలేదు. మేడమ్‌కూ రాయలేదు. రెండు చోట్లా నేను ఇంకా "ఆలోచిస్తున్న" మనిషిని.

ఆగస్టు 5

నాయన పొద్దున ఒక్కడే పెనుకొండ పోయాడని అమ్మ చెప్పింది. దర్గాకు. మొక్కు తీరినట్టా కాదా అని ముజావర్‌ను అడగడానికట. ఏం చెప్పారో ఇంటికొచ్చి చెప్పలేదు. అమ్మ రెండుసార్లు అడిగింది, చెప్పలేదు.

ఆగస్టు 6

కాలేజీ నుంచి నేరుగా అంగడికి పోయాను. రమ్మని ఆయనే ఫోన్ చేశాడు. పోయేసరికి మిషన్ ఆపి ఉంది. స్టూల్ మీద దూది దులిపి కూర్చోమన్నాడు.

"ఆడ నువ్వు చేసే పని ఏంది? నాకు అర్థమయ్యేటట్ల చెప్పు."

ఇన్నేళ్ళలో అడగలేదు ఆయన. నేనూ చెప్పలేదు. ఆయనకు అర్థం కాదని నేనే అనుకున్నాను. చెప్పాను. ఒక సమీకరణానికి జవాబు ఉందో లేదో, వెతక్కుండా ముందే తెలుసుకునే దారి ఉందా అని చూస్తున్నానని.

"జవాబు ఉండాదో లేదో తెలీకుండానే ఇన్నేండ్లు చేస్తాండావా?"

"ఆ."

"మీ మేడమ్‌కు తెలుసా?"

"ఆమెకూ తెలీదు."

"మల్ల ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు నాయనా. తెలిసుంటే నన్ను పిలవరు గదా."

"దొరికితే ఏమొస్తాది?"

"ఏమీ రాదు. దొరికిందని తెలుస్తుంది, అంతే."

నా మొహం చూశాడు. నమ్మాడా, నా మీద జాలి పడ్డాడా, తెలియలేదు. గిరాకీ వచ్చింది. లేచి బూరుగు దూది చూపించసాగాడు. నేను ఇంటికి వచ్చేశాను.

ఆగస్టు 7

పొద్దున్నే, నేను జడ వేసుకుంటుంటే వాకిట్లో నిలబడి అన్నాడు.

"పోతే పో. నేను వద్దంటే నిలబడేదానివి కాదు, ఉండమని కట్టేస్తే నువ్వు ఈడ బాగుండవు. అది నాకు తెలుసు. కానీ అంగట్లో కూర్చునేది నేను. దినామూ అడుగుతారు. శెట్టి అడుగుతాడు, కందూరు తిన్నోళ్ళంతా అడుగుతారు. వాళ్ళకు ఏం చెప్పల్లో నువ్వే రాసియ్యి. ఇంగ్లీషు వద్దు. రెండు ముక్కల మాట వద్దు. నా నోటికి వచ్చేటట్ల రాయి."

సరే అన్నాను. సులభం అనుకున్నాను. పీహెచ్‌డీ థీసిస్ రాసిన దాన్ని!

కాలేజీకి సెలవు పెట్టి కూర్చున్నాను.

"మా పాప పరిశోధన చేసేకి పోతాండాది." — ఇంకా చదువేనా అంటాడు శెట్టి. కొట్టేశాను.

"మా పాపకు రెండేండ్ల పోస్టు వచ్చినాది." — అమ్మకు చదివి వినిపిస్తే నవ్వింది. రెండేండ్ల పోస్టంటే ఇద్దరు పిల్లలున్న బ్రహ్మచారి లాగుంది అంది. మా అమ్మకు ఇలాంటివి ఎక్కడి నుంచి వస్తాయో.

"పెద్ద పెద్ద సార్లకు గూడ తెలీని లెక్క మా పాప చేస్తాది." — గొప్పలు. నాయన నోటికి రాదు, వచ్చినా నేను సిగ్గుతో చస్తాను.

"మా పాపను పిలిచినారు, పోతాండాది." — ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు, ఎంతిస్తారు? ఒకటి చెప్తే నాలుగు అడుగుతారు.

మధ్యాహ్నమైంది. కాగితం నిండా అడ్డగీతలు. అవ్వ వచ్చి చూసి, "ఏమ్మే, లెక్క రాలేదా?" అంది.

సాయంత్రం ఒకటి వచ్చింది. చూస్తూ కూర్చున్నాను.

"మా పాపకు పోస్టు రాలే. పని వచ్చినాది."

ఇందులో అబద్ధం లేదు. ప్రతి మాటా నిజం, మొత్తం కలిపినా నిజం. ఒక్కటే ఇబ్బంది. ముందు ముక్క నాయన పైకి అనాలి. బాదుషా పంచిన మనిషి, పొట్టేలును కోసిన మనిషి, అంగడి ముందు నిలబడి రాలేదు అనాలి. నా కోసం ఆయన చేత అనిపించబోతున్నది ఇది.

అయినా అదే రాసిచ్చాను. పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆగస్టు 8

ఈరోజే ఆఖరు.

మేడమ్‌కు మెయిల్ రాసి పెట్టాను. నాలుగు లైన్లు. వస్తున్నాను, కృతజ్ఞతలు, ఎప్పుడు చేరాలో చెప్పండి. తప్పులు లేవు, చాలాసార్లు చూశాను. నొక్కితే పోతుంది. నొక్కలేదు. నాయన ఆ మాట ఒక్కసారి బయటి మనిషితో అనగా వినాలని ఉంది. ఆయన అనలేకపోతే నేను పోలేను. ఇది తర్కం కాదని తెలుసు. తెలిసి కూడా ఫోన్ పక్కన పెట్టుకొని ఇలా రాస్తూ కూర్చున్నాను.

నాయన ఈరోజు అంగడికి ఆలస్యంగా పోతానన్నాడు. అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నేను లోపలి గదిలో, కిటికీ కింద. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

శెట్టి వచ్చాడు. గొంతు వినబడుతోంది. అంగడి తెరవలేదేమని చూడటానికి వచ్చాడట.

"ఒళ్ళు బాగలేదా ఏమప్పా?"

"బాగుండాదిలే శెట్టీ. కూచో."

"ఏం లేదు, మా ఆడోళ్ళు అడగమన్నారు. పాప జాయినింగ్ ఎప్పుడంట? పోయేలోగ ఒక పూట అన్నానికి పిలవల్లంటాండారు. పోస్టు పర్మనెంటే గదా?"

అమ్మ చెరగడం ఆపింది.

నాయన దగ్గాడు. అరుగు మీద సర్దుకొని కూర్చున్నట్టున్నాడు.

"శెట్టీ, మా పాపకు పోస్టు..." అన్నాడు.

ఆగాడు.

"ఆ, పోస్టు?" అంటున్నాడు శెట్టి.